నొప్పి సంగతి తర్వాతా?

"ముందు బరువు తగ్గమ్మా, నొప్పి దానంతటదే పోతుంది." హైదరాబాదులో ఒక ఆస్పత్రిలో పధ్నాలుగేళ్ళ అమ్మాయికి దొరికిన వైద్యం ఈ ఒక్క వాక్యం. ఏడాదిగా మోకాళ్ళ నొప్పి. ఎవరూ మోకాలు పట్టుకుని చూడలేదు. తల్లికి తోడుగా వెళ్ళిన నన్ను బయటికొచ్చాక ఆ పిల్ల అడిగింది: "నడిస్తేనే కదా ఆంటీ నొప్పి. మరి నడవకుండ బరువెట్ల తగ్గాలె?"

అసలు సమస్య ఆ ప్రశ్నలోనే ఉంది. బరువు వల్ల మోకాళ్ళ మీద, తుంటి మీద, నడుం మీద భారం పడుతుంది. నొప్పి వల్ల కదలిక తగ్గుతుంది, నిద్ర చెడుతుంది, బడి మానేస్తారు, బరువు మరింత పెరుగుతుంది. ఒకటి తీరాక రెండోది చూద్దామంటే రెండూ తీరవు. మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. పిల్లల్లో దాని చికిత్సపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామ చికిత్స, మానసిక సహాయం, అవసరమైతే మందులు - వీటిని పిల్లల పరిస్థితిని బట్టి కలిపి వాడమంది.

చూడకుండా పంపెయ్యటం ప్రమాదం కూడా. బరువు ఎక్కువగా ఉన్న ఎదిగే పిల్లల్లో తుంటి దగ్గర తొడ ఎముక తల జారవచ్చు. నొప్పి మాత్రం మోకాల్లో తెలుస్తుంది. తుంటికి ఎక్స్‌రే తీస్తేనే బయటపడుతుంది. ఆలస్యమైతే శాశ్వతంగా కుంటితనం రావచ్చు.

ఈ నిర్లక్ష్యం ఆడపిల్లల విషయంలో ఇంకా ఎక్కువ. పెద్దమనిషి కాగానే ఆటలు మాన్పించేది మనమే, కదలకుండా కూర్చుంటావని తిట్టేదీ మనమే. బరువు గురించి ఇంట్లో దిగులంతా పెళ్ళి గురించే. పిల్ల బాధ గురించి కాదు. నొప్పి అంటే వంకలంటారు. నొప్పిపై పరిశోధించే అంతర్జాతీయ సంఘం 2020లో నిర్వచనాన్ని సవరిస్తూ, నొప్పి ఉందని మనిషి చెప్పే మాటను గౌరవించాలని చేర్చింది. ఆడపిల్ల మాటకు ఆ గౌరవం ఎప్పుడు?

మనలో కొందరం బరువు మాట ఎత్తడమే అవమానం అంటాం. నేనలా అనుకోను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో అధిక బరువున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. రెండు చోట్లా సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత కూడా ఉంది. అంటే పస్తులుండమనే సలహా వైద్యం కాదు. బరువు గురించి మాట్లాడాలి, అవమానించకుండా మాట్లాడాలి, నొప్పితో కలిపి మాట్లాడాలి.

10-19 ఏళ్ళ వారికోసం కేంద్ర ప్రభుత్వం 2014లో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ క్లినిక్కుల్లో బరువు తూచే ప్రతి పిల్లనూ "ఎక్కడైనా నొప్పి ఉందా?" అని అడగాలని, ఫిజియోథెరపీ అందుబాటులో ఉంచాలని మనం పట్టుబట్టాలి. ఆస్పత్రికి పిల్లల వెంట మనమూ వెళ్ళాలి.

ఆ అమ్మాయికి మరోచోట తుంటి, మోకాళ్ళు పరీక్ష చేశారు. ఎముక జారలేదు. పడుకుని, కూర్చుని చేసే వ్యాయామాలతో మొదలుపెట్టించారు. బరువు ఇంకా పెద్దగా తగ్గలేదు. కానీ మేడమెట్లెక్కి తరగతికి వెళ్తోంది, బడి మానడం లేదు.