గంట చూడడం, చిల్లర లెక్క: ముందు చేతులకు నేర్పాలి

పిల్లలూ! మీ యింట్లో ఒకటో తరగతో రెండో తరగతో చదివే తమ్ముడు గానీ చెల్లెలు గానీ వున్నారా? వుంటే ఒక ఐదు రూపాయల బిళ్ళను ఒక పక్క, నాలుగు రూపాయి బిళ్ళలను మరో పక్క పెట్టి "ఏది ఎక్కువ?" అని అడగండి. చాలామంది చిన్నపిల్లలు నాలుగు బిళ్ళల వైపే చేయి చూపిస్తారు. వాళ్ళను చూసి నవ్వకండి. వాళ్ళు లెక్కపెట్టింది బిళ్ళలను, విలువను కాదు. విలువ కంటికి కనబడదు. అది మనుషులు చేసుకున్న ఒప్పందం.

ఆ ఒప్పందం మారుతూ వుంటుంది కూడా. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 1950ల దాకా రెండు రకాల రూపాయలుండేవి. ఒకటి నిజాం హాలీ సిక్కా, రెండోది కల్దారు. 7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానం. రూపాయికి 16 అణాలు. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చి రూపాయికి 100 పైసలయ్యాయి. 2011లో పావలా బిళ్ళ కూడా చెల్లకుండా పోయింది. అయినా "చారాణ కోడికి బారాణ మసాలా" అన్న సామెత మన నోట వుండిపోయింది. 4 అణాల కోడికి 12 అణాల మసాలా అంటే మూడింతలన్నమాట!

గడియారం సంగతి యింకా చిక్కు. డబ్బు పదులతో, వందలతో నడిస్తే, గడియారం 12తో, 60తో నడుస్తుంది. ఒకే అంకె చిన్నముల్లుకు 3, పెద్దముల్లుకు 15. రూపాయిన్నరను 1.50 అని రాయడం నేర్చిన పిల్లవాడు, 1.50 గంటలంటే గంటా 50 నిమిషాలనుకుంటాడు. నిజానికి అది గంటా 30 నిమిషాలే గదా! తప్పు వాడిది కాదు. రెండు లెక్కలనూ బొమ్మల్లో చూపించి బట్టీ పట్టించే పద్ధతిది.

మరి ఎలా నేర్పాలి? ముందు అట్టముక్కతో గడియారం చేసి, చిన్నముల్లు ఒక్కటే పెట్టండి. అది 3కూ 4కూ మధ్య వుంటే మూడున్నర అని పిల్లలే చెప్పగలుగుతారు. పెద్దముల్లును తర్వాత తగిలించవచ్చు. బడి ఆవరణలో నిటారుగా ఒక కర్ర పాతి, గంటగంటకూ నీడ కొసన గీత పెట్టించండి. నీడ అతి పొట్టిగా వుండేది సరిగ్గా 12 గంటలకే అనుకుంటాం. కాదు! మన దేశపు గడియారాలు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. నల్లగొండ సుమారు 79¼ డిగ్రీల దగ్గర, మహబూబ్‌నగర్ 78 డిగ్రీల దగ్గర వున్నాయి. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. కాబట్టి సగటున నల్లగొండలో 12 గంటల 13 నిమిషాలకు, మహబూబ్‌నగర్‌లో 12 గంటల 18 నిమిషాలకు అసలైన మధ్యాహ్నమవుతుంది. ఋతువును బట్టి యిది కొంత ముందువెనకలవుతుంది.

చిల్లర లెక్కకు అంగడిని మించిన బడి లేదు. 37 రూపాయల కూరగాయలకు 50 రూపాయల నోటిస్తే, అమ్మే అవ్వ తీసివేత చేయదు. 37 మీద మూడు బిళ్ళలు పెట్టి "నలభై" అంటుంది, పది పెట్టి "యాభై" అంటుంది. 13 రూపాయలు మీ చేతిలో పడతాయి. తీసివేతను కూడికగా మార్చే ఈ ఉపాయం రెండో తరగతి పిల్లలకు చక్కగా పట్టుబడుతుంది.

"ఫోనులో గంట కనబడుతుంది, డబ్బూ ఫోనులోనే పోతుంది, యివన్నీ యెందుకు?" అని కొందరు పెద్దలంటారు. ఫోను యిప్పుడెంతయిందో చెబుతుంది. బస్సుకు యింకా ఎంతసేపుందో మనసుకు తోచాలంటే ముళ్ళ మధ్య జాగా చూడడం అలవాటు కావాలి. చేతితో ఎన్నడూ లెక్కపెట్టని డబ్బు ఎంత పోయిందో కూడా తెలియదు.

ఇది పరీక్ష మార్కుల సంగతి మాత్రమే కాదు. పాలమూరు కూలీలు వలసపోయి దేశంలో ఎన్నో ఆనకట్టలు, కాలువలు కట్టారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పోయిన కుటుంబాలకు, ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత కోత పడింది అన్న లెక్క మేస్త్రీ పుస్తకంలోనే వుండేది. లెక్క రానివాళ్ళు అతను చెప్పినంతే పుచ్చుకోవలసి వచ్చేది. కూలి అంటే కాలాన్ని డబ్బుతో కొలవడమే. ఆ రెండూ తెలిసినవాళ్ళను మోసం చేయడం కష్టం.

కాబట్టి పై తరగతుల్లో వున్న మీరే ఈ పనికి పూనుకోండి. వారానికి ఒకసారి చిన్నవాళ్ళను అంగడికి తీసుకుపోయి, బేరం మీరు చేసినా చిల్లర మాత్రం వాళ్ళచేత లెక్కపెట్టించండి. ఇంట్లో పొయ్యి మీద అన్నం ఎన్ని నిమిషాల్లో వుడికిందో వాళ్ళచేత చూడమనండి. తప్పు చెబితే కసరకుండా మళ్ళీ చేయించండి. చిన్నవాళ్ళకు నేర్పబోతే మీ లెక్కలు కూడా గట్టిపడతాయి!