బావి తవ్వకముందే చార్టు రాయాలి



వార్డులో రోగి చేరగానే మేము మొదట నాడి, జ్వరం, బి.పి. చూసి చార్టులో రాస్తాము. ఆ తరువాతే మందు. మొదటి చార్టు లేకపోతే రోగి మెరుగయ్యాడో, క్షీణించాడో ఎవరు చెప్పగలరు? చమురు, గ్యాసు తీసే ఊళ్ళ విషయంలోనూ మేము అడిగేది ఇదే.

మన కళింగపట్నం ఒడ్డున చమురు బావులు లేవు. కోనసీమలో ఉన్నాయి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓ.ఎన్.జి.సి. బావి అంటుకొని 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఒళ్ళు కాలినవారికి మొదటి గంటలు ఎంత ముఖ్యమో నర్సులందరికీ తెలుసు. అందుకే పైపులైను వెళ్ళే ఊళ్ళకు దగ్గరలో కాలిన గాయాల వార్డు ఉండడం కంపెనీ దయ కాకూడదు, అనుమతికి షరతు కావాలి.

ప్రమాదం కనబడుతుంది, విషం కనబడదు. నైజీరియాలో ఒగోని ప్రజల నేల మీద షెల్ కంపెనీ 1993లో చమురు తీయడం ఆపింది. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం నివేదిక ఇచ్చింది. ఒక ఊరి తాగునీటి బావుల్లో క్యాన్సర్ కలిగించే బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితికి 900 రెట్లకు పైగా ఉందని తేలింది. ఆ నీళ్ళే తల్లులు బిడ్డలకు తాగించారు.

మన గిరిజనులకు కొంత రక్షణ ఉంది. విశాఖ ఏజెన్సీలోని గనుల మీద వచ్చిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. గిరిజన ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వరాదన్నది. గనుల నికర లాభంలో కనీసం 20 శాతం నీటికి, బడికి, ఆసుపత్రికి, దారికి కేటాయించాలన్నది. కాని సముద్రానికి పట్టా ఉండదు. దాని మీద బతికే మత్స్యకారులకు అలాంటి తీర్పు అండ లేదు.

గ్యాసు వద్దని మేము అనడం లేదు. మన పొయ్యి వెలిగేదీ దానితోనే. కాని తవ్వకముందే ప్రభుత్వం ఊరి నీళ్ళు పరీక్ష చేయించాలి. పిల్లల ఊపిరి, గర్భిణుల ఆరోగ్యం నమోదు చేయాలి. ఆ ఫలితాలు గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. ఏటేటా మళ్ళీ చూడాలి. ఖర్చు కంపెనీ పెట్టాలి, పరీక్ష చేసేవారిని మాత్రం కంపెనీ నియమించకూడదు.

మిషన్ ఆసుపత్రులమైన మనమూ జాగ్రత్తపడాలి. కంపెనీ డబ్బుతో క్యాంపు పెట్టి మాత్రలు పంచడం తేలిక. ఉప్పు తిన్న నోటితో తప్పు చెప్పడం కష్టం.

అహాబు రాజు నాబోతుకు వేరే తోట ఇస్తానన్నాడు, వెండి ఇస్తానన్నాడు. నాబోతు ఒప్పుకోలేదు. అతని మాట రాజు వినలేదు కాబట్టే అంత ఘోరం జరిగింది. నష్టపరిహారం లెక్క కట్టే ముందు ఊరి మాట వినే మనసు అధికారులకు, కంపెనీలకు ప్రభువు దయచేయును గాక.