తలకు దెబ్బ తగిలిన గోల్‌కీపర్‌కు పది నిమిషాలు ఇవ్వండి

యూరప్ క్లబ్ పోటీల్లో నాకౌట్ మ్యాచ్‌లు దగ్గర పడ్డాయంటే అభిమానుల మాటలన్నీ రెండు ప్రశ్నల మీదికే వస్తాయి. గాయాలతో ఎవరు దూరమయ్యారు? గోల్ ముందు ఎవరు నిలబడతారు? మనకు అర్ధరాత్రి పన్నెండున్నరకో ఒకటిన్నరకో మొదలయ్యే ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌ల కోసం మేలుకునే తెలుగు కుర్రాళ్ల చర్చ కూడా ఇదే. తొడ కండరం పట్టేసిన ఫార్వర్డ్ ఎన్ని వారాలకు తిరిగొస్తాడో లెక్కగట్టే అభిమాని, గోల్‌కీపర్ తప్పు దగ్గరికి వచ్చేసరికి గాయం మాటే ఎత్తడు. బంతి చేతుల్లోంచి జారిందంటే అది పనితనంలో లోపం, కాకపోతే గుండె నిబ్బరంలో లోపం. తలకు తగిలిన దెబ్బ కూడా కారణం కావచ్చన్న ఆలోచన చాలామందికి రాదు. ఆట నిబంధనల్లోనూ ఆ ఆలోచనకు తగినంత చోటు లేదు. తలకు దెబ్బ తగిలిన ఆటగాణ్ని డాక్టర్లు లోపల పరీక్షించే కాసేపు అతని స్థానంలో మరొకరిని దించే తాత్కాలిక సబ్‌స్టిట్యూషన్ ఫుట్‌బాల్‌కు తక్షణం కావాలి. అది గోల్‌కీపర్లతో, యూరప్ క్లబ్ పోటీలతో మొదలుకావాలి.

2018 మే 26న కీవ్‌లో రియల్ మాడ్రిడ్, లివర్‌పూల్ మధ్య జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌ను చూడండి. రెండో సగం మొదలైన కాసేపటికే సెర్హియో రామోస్ మోచెయ్యి లివర్‌పూల్ గోల్‌కీపర్ లోరిస్ కరియస్ తలకు తగిలింది. అతన్ని మైదానం బయటికి తీసుకెళ్లి పరీక్షించినవారు లేరు. 51వ నిమిషంలో అతను సహచరుడికి విసిరిన బంతి మధ్యలో కరీం బెంజెమా చాచిన కాలికి తగిలి గోల్‌లోకి దొర్లింది. 83వ నిమిషంలో గారెత్ బేల్ చాలా దూరం నుంచి కొట్టిన బంతి నేరుగా అతని చేతుల్లోకే వచ్చి జారిపోయింది. మాడ్రిడ్ 3-1తో గెలిచింది. కరియస్‌కు చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. మే 31న బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వైద్యులు అతన్ని పరీక్షించి, ఆ మ్యాచ్‌లో కంకషన్ (తల దెబ్బతో మెదడు అదిరి దాని పనితీరు చెదరడం) అయిందని తేల్చారు. కంటితో చూసి దూరాన్ని, దిశను అంచనా కట్టే శక్తి దెబ్బతిన్నదని, అది దెబ్బ తగిలిన వెంటనే మొదలై ఉండొచ్చని చెప్పారు. ఆ తర్వాత పోటీ మ్యాచ్‌లో లివర్‌పూల్ తరఫున అతను మళ్లీ గోల్ ముందు నిలబడలేదు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది: ఐదు రోజుల తర్వాత చేసిన పరీక్షతో ఆ రెండు గోల్స్‌కు కారణం తేల్చగలమా? తేల్చలేం. దెబ్బ తగలకపోయినా కరియస్ ఆ తప్పులు చేసేవాడేమో. అయితే ఈ సందేహం నా వాదనను బలహీనపరచదు, బలపరుస్తుంది. నిజం తెలుసుకునే వీలున్నది ఆ నిమిషంలోనే. అప్పుడు చూడలేదు కాబట్టే ఇవాళ ఎవరూ ఏదీ తేల్చలేకపోతున్నారు. పరీక్ష జరిగి ఏమీ లేదని డాక్టర్ చెప్పి ఉంటే విమర్శకు కనీసం ఒక ఆధారం ఉండేది. ఏదో ఉందని చెప్పి ఉంటే ఒక మనిషి ఆరోగ్యానికీ, పేరుకూ రక్షణ దొరికేది. పరీక్ష లేనిచోట మిగిలింది నింద ఒక్కటే.

గోల్‌కీపర్లతోనే మొదలుపెట్టాలనడానికి కారణం వాళ్ల పనిలోనే ఉంది. పరుగెత్తుకొచ్చే ఫార్వర్డ్ కాళ్ల మీదికి తల ముందు పెట్టి దూకడం వాళ్ల రోజువారీ పని. 1931లో సెల్టిక్ గోల్‌కీపర్ జాన్ థామ్సన్ అలా దూకి, తలకు దెబ్బ తగిలి ప్రాణాలే కోల్పోయాడు. 2006 అక్టోబర్‌లో రెడింగ్ ఆటగాడు స్టీఫెన్ హంట్ మోకాలు తగిలి చెల్సీ గోల్‌కీపర్ పీటర్ చెక్ పుర్రె ఎముక చిట్లింది. 2007 జనవరిలో తిరిగొచ్చిన చెక్, ఆ తర్వాత హెల్మెట్ లాంటి తొడుగు లేకుండా మ్యాచ్ ఆడలేదు. 2013 నవంబర్‌లో ఎవర్టన్ మీద ఆడుతూ టాటెన్‌హామ్ గోల్‌కీపర్ హ్యూగో లోరిస్, రొమేలు లుకాకు మోకాలు తగిలి స్పృహ తప్పాడు. అయినా లేచి మ్యాచ్ చివరిదాకా ఆడాడు. దానిమీద రేగిన దుమారం తర్వాతే ప్రీమియర్ లీగ్‌లో ఇలాంటి సందర్భాల్లో తుది మాట డాక్టర్‌దేనని నిబంధన వచ్చింది. 2022 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్‌తో మ్యాచ్‌లో ఇరాన్ గోల్‌కీపర్ అలీరెజా బైరన్వండ్ సొంత డిఫెండర్‌నే ఢీకొన్నాడు. చాలాసేపు చికిత్స చేసి అతన్ని ఆడించారు. కాసేపటికే అతను కూలబడితే అప్పుడు మార్చారు. వేరే ఆటగాడు తడబడితే సరిదిద్దడానికి వెనక ఇంకొకరుంటారు. గోల్‌కీపర్ వెనక వల తప్ప ఏమీ ఉండదు.

కంకషన్ సబ్‌స్టిట్యూట్ ఇప్పటికే ఉంది కదా అంటారు కొందరు. ఉంది. ఆట నిబంధనలు రాసే ఐఎఫ్ఏబీ 2021 నుంచి దాన్ని ప్రయోగంగా అనుమతించింది. 2024 జులై నుంచి టోర్నీ నిర్వాహకులు కావాలనుకుంటే అమలు చేసుకునేలా నిబంధనల్లో చేర్చింది. అది మంచి అడుగే. కానీ అది శాశ్వత మార్పు. బయటికి వెళ్లినవాడు తిరిగి రాడు. సెమీఫైనల్లో మొదటి గోల్‌కీపర్‌ను పూర్తిగా తీసేయాలో వద్దో డాక్టర్ రెండు మూడు నిమిషాల్లో, గడ్డి మీద మోకాళ్లూని, వేలమంది అరుపుల మధ్య తేల్చాలి. ఎంత నిజాయితీపరుడైన డాక్టర్‌కైనా అది న్యాయమైన పరిస్థితి కాదు. 2019 ఏప్రిల్ 30న అయాక్స్‌తో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో టాటెన్‌హామ్ డిఫెండర్ యాన్ వెర్టోంగెన్ తల సహచరుడి తలకు గట్టిగా తగిలింది. ముఖమంతా రక్తం. డాక్టర్లు చూశారు, రిఫరీ వాళ్లను అడిగి నిర్ధారించుకున్నాడు, ఆటగాడు తిరిగొచ్చాడు. నిమిషం తిరక్కుండానే నిలబడలేక ఇద్దరి భుజాల ఆసరాతో బయటికి వెళ్లాడు. తలతిరుగుడు, తలనొప్పి తనను తొమ్మిది నెలలు వదల్లేదని తర్వాత అతనే చెప్పాడు. అక్కడ డాక్టర్లున్నారు, రిఫరీ జాగ్రత్తపడ్డాడు. లేనిది సమయం ఒక్కటే.

ఐఎఫ్ఏబీ వైపు నుంచి బలమైన వాదన ఒకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. కంకషన్ లక్షణాలు కొన్నిసార్లు గంటల తర్వాత గాని బయటపడవు. పది నిమిషాల పరీక్షలో గట్టెక్కినవాణ్ని తిరిగి దింపితే ప్రమాదం కదా, అనుమానం ఉంటే పూర్తిగా తీసేయడమే మేలు అన్నది ఆ వాదన. ప్రీమియర్ లీగ్, ఫ్రాన్స్, అమెరికా లీగ్‌లు తాత్కాలిక సబ్‌స్టిట్యూషన్ ప్రయోగానికి అనుమతి అడిగితే 2023లో ఐఎఫ్ఏబీ ఇవ్వలేదు. లక్షణాలు ఆలస్యంగా రావడం నిజమే. క్రికెట్‌లోనే చూడండి, 2019 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో జోఫ్రా ఆర్చర్ బంతి మెడకు తగిలిన స్టీవ్ స్మిత్ పరీక్షల తర్వాత వచ్చి మళ్లీ బ్యాటింగ్ చేశాడు. మర్నాడు లక్షణాలు కనిపిస్తే మార్నస్ లబుషేన్ అతని స్థానంలో ఆడాడు. అయితే అనుమానం ఉన్న ప్రతిసారీ ఆటగాణ్ని తీసేస్తున్నారా అన్నదే అసలు ప్రశ్న. వెర్టోంగెన్‌నూ, బైరన్వండ్‌నూ తిరిగి ఆడించారు. కాబట్టి పోల్చాల్సింది పది నిమిషాల పరీక్షనూ ఆదర్శాన్నీ కాదు, పది నిమిషాల పరీక్షనూ మూడు నిమిషాల పరీక్షనూ. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, రీప్లే చూసి, ప్రశ్నలడిగి, నడిపించి చేసే పరీక్ష అన్నీ పట్టుకోలేకపోవచ్చు. మైదానంలో హడావుడిగా చేసేదానికన్నా ఎక్కువే పట్టుకుంటుంది. లోపల గట్టెక్కినా అనుమానం మిగిలితే శాశ్వత మార్పు చేసే హక్కు డాక్టర్‌కు అప్పుడూ ఉంటుంది.

జట్లు దీన్ని ఎత్తుగడగా వాడుకుంటాయన్నది మరో భయం. అలసిన వింగర్‌కు విశ్రాంతి ఇవ్వడానికి తలనొప్పి నటించే అవకాశం లేదని చెప్పలేం. గోల్‌కీపర్ విషయంలో ఆ లాభం దాదాపు శూన్యం. మొదటి గోల్‌కీపర్‌ను తీసి, నెలల తరబడి బెంచీకే పరిమితమైనవాణ్ని చలి రాత్రి దింపాలని ఏ కోచ్ కోరుకోడు. ఇప్పుడైనా చికిత్స కోసం గోల్‌కీపర్ మైదానం వదలక్కర్లేదు కాబట్టి, ఆట ఆపడానికి అతను కింద పడుకోవడం మనం చూస్తూనే ఉన్నాం. పరీక్ష బయట జరిగితే ఆ పనికీ అడ్డుకట్ట పడుతుంది. రగ్బీ ఏళ్ల తరబడి తాత్కాలిక మార్పుతోనే నడుస్తోంది.

ఇక మిగిలింది మన మనసులో ఉన్న అడ్డంకి. దెబ్బ తగిలినా ఆడినవాడే వీరుడని ఫుట్‌బాల్ మనకు నేర్పింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ జట్టు స్వర్ణం గెలిచినప్పుడు, తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్ కట్టుతోనే ఫైనల్లో దిగి దక్షిణ కొరియా మీద గోల్ కొట్టాడు. ఆ విజయాన్ని తక్కువ చేయాల్సిన పని లేదు. ఆనాటి వైద్యానికి కంకషన్ గురించి ఇవాళ్టంత తెలియదు, ఆనాటి ఆటగాడికి వేరే దారి లేదు. ఇవాళ మనకు తెలుసు, దారీ ఉంది. వాళ్ల సాహసాన్ని గౌరవిస్తూనే ఆ ప్రమాదాన్ని ఇవాళ్టి ఆటగాళ్ల నుంచి కోరడం మానుకోవచ్చు.

ఛాంపియన్స్ లీగ్ 2024-25 నుంచి 36 జట్లకు పెరిగింది, మ్యాచ్‌లు 125 నుంచి 189 అయ్యాయి. మ్యాచ్‌లు పెరిగినప్పుడు ఢీకొనడాలూ పెరుగుతాయి. ఆ అదనపు మ్యాచ్‌ల ఆదాయం తీసుకునే యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ, ఐఎఫ్ఏబీ తలుపు తట్టి గోల్‌కీపర్ల వరకైనా ఈ ప్రయోగం చేయనిమ్మని గట్టిగా అడగాలి. అభిమానులుగా మనం చేయగలిగిందీ ఉంది. వచ్చే మ్యాచ్‌లో గోల్‌కీపర్ తలకు దెబ్బ తగిలితే, తర్వాత వదిలిన గోల్ గురించి వాదించే ముందు అతన్ని ఎవరు, ఎంతసేపు పరీక్షించారని అడుగుదాం. లక్షలమంది ఆ ప్రశ్న అడిగే ఆటలో డాక్టర్‌కు ధైర్యం వస్తుంది, దెబ్బ దాచుకోవాల్సిన అవసరం గోల్‌కీపర్‌కు తప్పుతుంది.