పిల్లల పుస్తకమైతే ఏంటట?

మొన్న ఆఫీసు క్యాబులో లోయిస్ లౌరీ రాసిన "ద గివర్" చదువుతుంటే, పక్క సీటాయన వెనక అట్ట చూసి "ఇంకా పిల్లల పుస్తకాలేనా గురూ?" అన్నాడు. ఒళ్ళు మండింది. అప్పుడు నోరు పెగల్లేదు, ఇక్కడ కక్కేస్తున్నా.

1993లో వచ్చిన నవల ఇది. పన్నెండేళ్ళ జోనస్ ఉండేచోట బాధల్లేవు, రంగుల్లేవు. ముసలివాళ్ళని, తప్పు చేసినవాళ్ళని "విడుదల" చేస్తారు. మొదటి అధ్యాయం నుంచే ఈ మాట వినిపిస్తుంటుంది, మనం పట్టించుకోం. ఒకరోజు వాళ్ళ నాన్న, కవలల్లో బరువు తక్కువున్న పసివాడికి సూది గుచ్చి, ముద్దుమాటలు చెప్తూనే "విడుదల" చెయ్యడం జోనస్ చూస్తాడు. (కథ చెప్పేశా, తిట్టుకోకండి.) అంతే, అప్పటిదాకా చదివిన పేజీలన్నీ తిరగబడతాయి. ఒక్క మాట మీద అంత బరువు మోపాలంటే చుట్టూ భాష తేలిగ్గానే ఉండాలి మరి. దాన్ని చూసి తేలిక పుస్తకమనుకుంటే తప్పెవరిది?

ఈ బాపతులో చెత్త లేదా అంటే, బోలెడుంది. వాంపైరు ప్రేమలు నావల్లా కాలేదు. పెద్దల నవలల్లో లేదా ఏంటి?

అసలు చందమామ నుంచి సరాసరి "తులసిదళం"లోకి దూకిన బ్యాచ్ మనది. మధ్యలో ఆ పద్నాలుగేళ్ళ వయసుకి తెలుగులో నాకైతే ఏమీ దొరకలేదు, ఎంసెట్ మెటీరియల్ తప్ప. అమెరికాలో ఎస్.ఈ. హింటన్ తన ఈడువాళ్ళకి సరైన పుస్తకాల్లేవని తనే రాసేసింది. 1967లో "ది అవుట్‌సైడర్స్" అచ్చయ్యేనాటికి ఆమెకి 18 ఏళ్ళు.

క్యాబాయనకి పుస్తకం ఇస్తానంటే "మా పాపకివ్వు" అన్నాడు. ఇస్తా. ముందు ఆయన చదివితేనే.