నొప్పి తగ్గించే కరెంటు

‘కరెంటు పెడతారట. అంటే నాన్నకి నయమవుతుందా?’

క్లోమ క్యాన్సర్ ముదిరిందని తెలిశాక డాక్టర్లు రేడియేషన్ మాట ఎత్తితే ఇంట్లో మొదట పుట్టే ప్రశ్న ఇదే. మన దగ్గర రేడియేషన్ అంటే ఎవరికీ పట్టదు, కరెంటు అంటేనే అర్థమవుతుంది. ఈ కరెంటు నయం చేయడానికి కాదు, నొప్పి తగ్గించడానికి. ఆ మాట ముందే విడమరచి చెబితే అప్పులు చేసి ఊళ్లు తిరిగే బాధ కొంతైనా తప్పుతుంది.

క్లోమం జీర్ణాశయం వెనకాల, వెన్నుకు దగ్గరగా ఉంటుంది. ఆ పక్కనే సీలియాక్ ప్లెక్సస్ అనే నరాల గుంపు. గడ్డ దాని మీదికి పాకితే పైపొట్టలో మొదలైన నొప్పి వీపులోకి తన్నుతుంది. వెల్లకిలా పడుకోనివ్వదు. దిండు పొట్టకు అదుముకుని ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయం. రాత్రిళ్లు అలా కూర్చునే తెల్లవారుస్తారు చాలామంది.

ఇజ్రాయెల్‌లోని షెబా వైద్యకేంద్రానికి చెందిన డాక్టర్ యాకోవ్ లారెన్స్ బృందం సరిగ్గా ఆ నరాల గుంపునే గురి చూసింది. ఒకే ఒక్కసారి, 25 గ్రేల రేడియేషన్. కొన్ని దేశాల్లో చేసిన ఆ పరీక్ష ఫలితాలు 2024లో ‘లాన్సెట్ ఆంకాలజీ’లో వచ్చాయి. మూడు వారాల తర్వాత లెక్కకు అందిన 90 మందిలో 48 మందికి నొప్పి తగ్గింది. అంటే సగం మందికి పైమాట. మిగిలినవాళ్లకు ఆశించినంత తగ్గలేదు, అదీ చెప్పుకోవాలి. పేగులు పక్కనే ఉంటాయి కాబట్టి గురి తప్పకూడదు. అలాంటి యంత్రం, అనుభవం అన్నిచోట్లా ఉండవు. మామూలు రేడియేషన్‌తోనూ కొందరికి ఉపశమనం దొరుకుతుంది. చేసేటప్పుడు షాకు కొట్టదు, కాలదు. బయటి నుంచి ఇచ్చేది కాబట్టి ఇంటికొచ్చాక మనవలు ఒళ్లో కూర్చున్నా ఏమీ కాదు. వాంతులు, నీరసం మాత్రం రావచ్చు.

అనకాపల్లి వాళ్లకు దగ్గర్లోనే, విశాఖ దారిలో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వారి హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ‘ఇక ఇంటికి తీసుకెళ్లండి’ అని ఎవరైనా అన్నా, నొప్పి సంగతి అక్కడ ఒకసారి అడగొచ్చు.

కాకపోతే ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది. అందాకా మార్ఫిన్ మాత్రలు ఆపకూడదు. ‘అలవాటైపోతుంది’ అని దాచిపెట్టే బంధువులను చూస్తే కోపమొస్తుంది. ఆ మందు రోగులకు అందడం సులువు కావాలనే 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. నరాల గుంపులోకి ఆల్కహాల్ ఎక్కించే ఇంజెక్షన్ ఇంకో దారి. ఇక మంచం దిగలేని స్థితిలో, రోజులే మిగిలిన మనిషిని కరెంటు కోసం ఆటోలో కుదిపి తీసుకెళ్లకండి. వాళ్లకు ఇంట్లోనే మార్ఫిన్ ఎంత, ఎన్ని గంటలకోసారి ఇవ్వాలో డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి.