లేటెక్స్ పరుపుకు ఎండ పడదు

దూది పరుపును అప్పుడప్పుడు ఎండలో వేయడం మన ఇళ్లలో పాత అలవాటు. సముద్రానికి దగ్గరగా, తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్‌లో గాలిలో తేమ ఎక్కువ. అక్కడి మరమగ్గాలను నమ్ముకుని స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలకు ఆ అలవాటు ఎంతో అవసరం. అయితే సహజ లేటెక్స్ పరుపును అలా ఎండబెడితే నష్టమే.

కారణం అణువుల్లో ఉంది. రబ్బరు పాలలోని పాలీఐసోప్రీన్ గొలుసులను గంధకంతో కలిపి బిగించే పద్ధతిని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్నాడు. నొక్కితే కుంగి, వదిలితే లేచే గుణం, శరీర బరువును ఒకేచోట పడనీయకుండా పంచే గుణం ఈ అల్లికవే. అయితే గొలుసుల్లో మిగిలిన కార్బన్ ద్విబంధాలను అతినీలలోహిత కిరణాలు, ఆక్సిజన్, ఓజోన్ దెబ్బతీస్తాయి. నురుగు పసుపెక్కి, పెళుసై, పొడిగా రాలిపోతుంది.

కాబట్టి దీన్ని నీడలో, గాలి ఆడేచోట ఆరనివ్వాలి. నీళ్లతో తడపకూడదు. పట్టీల మధ్య సందులున్న మంచంపై వేసి, ఉతకదగిన నూలు తొడుగు వాడితే తేమ నిలవదు. లేటెక్స్ అలర్జీ ఉన్నవారు కొనేముందు వైద్యుణ్ని అడగాలి.

కృత్రిమ రబ్బరు కలిపిన పరుపులూ ‘లేటెక్స్’ పేరుతోనే అమ్ముడవుతాయి. అందుకే సహజ రబ్బరు శాతాన్ని, ‘ఎండలో వేయవద్దు’ అనే హెచ్చరికను కొనేవారి భాషలో లేబుల్‌పై ముద్రించడం తప్పనిసరి చేయాలి. నెలల తరబడి కూడబెట్టిన డబ్బుతో కొన్న పరుపు, జాగ్రత్త తెలియక పాడవకూడదు.