విమానయానమునందు ఫోను నియమము

విమానము కదలకముందే ఫోనులను ఫ్లైట్ మోడునందుంచవలెనని సిబ్బంది కోరుదురు. ఫోను మ్రోగినచో విమానము కూలునా యని విద్యార్థులు మమ్మడుగుచుందురు. కూలదనియే మా యుత్తరము. అట్లయిన నీ నియమమేల?

1991వ సంవత్సరమున అమెరికాలోని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను గగనమున సెల్ ఫోనులను నిషేధించినది ముఖ్యముగా నేలమీది టవర్ల మేలు కోరియే. మిక్కిలి యెత్తుననున్న ఫోను పెక్కు టవర్లకు ఒక్కమారే తగిలి, ఇతరుల సంభాషణలకు భంగము కలిగింపగలదు. మరియు టవరు దూరమైనకొలది ఫోను తన శక్తిని పెంచుకొనును. అందువలన పైలటు హెడ్‌ఫోనులలో గరగర శబ్దము పుట్టవచ్చును. విమానము దిగువేళ ఆయనకు ఒక్క మాట సరిగా వినబడకున్నను కష్టమే.

2014 నుండి ఐరోపాలో, తమ విమానములను పరీక్షించి క్షేమమని తేల్చుకొన్న కంపెనీలు ఈ నియమమును సడలింపవచ్చును. కావున నియమము మారరానిది కాదు. అయితే సడలించు నధికారము పరీక్షించినవారిదే.

పిల్లలకు భయము చెప్పి నియమము నేర్పినచో, భయము తొలగిననాడే నియమమును తొలగిపోవును. కారణము తెలిపి నేర్పుటయే మేలని మా యభిప్రాయము. పైలటు చెవికి నెమ్మది నొసగుటకు మనము చేయవలసినది ఒక్క మీట నొక్కుటయే గదా!